రెండు సీసాల నీళ్లు

ఆ ఉదయం స్టేషన్ మాస్టారు వేసుకున్న పథకంలో లోపం లేదు. తొమ్మిదింటికి ఇల్లు కదలాలి. పదిన్నరకు వాహనాల తనిఖీ ఆఫీసు చేరాలి. పన్నెండుకు అక్కడ కౌంటరు మూస్తారు. రిటైరై ఎనిమిదేళ్లయినా ఆయన ప్రతి పనికీ టైం టేబులు రాసుకుంటాడు. రైళ్లు ఏనాడూ దాన్ని పట్టించుకోలేదు. అయినా రాస్తాడు.

కారు వయసు ఇరవై మూడేళ్లు. దాని కాగితం గడువు ఆ రోజుతో సరి. తనిఖీలో నెగ్గితే ఇంకో రెండేళ్లు రోడ్డెక్కుతుంది. ఓడితే తుక్కు కింద రాసేస్తారు. పోయిన భార్య దాని మీదే డ్రైవింగు నేర్చుకుంది. ఆవిడ గేటు స్తంభానికి కొట్టిన సొట్ట కుడి తలుపు మీద ఇంకా అలాగే ఉంది. దాన్ని సరిచేయిస్తానన్న ప్రతివాడితోనూ మాస్టారు మాటలు మానేశాడు.

మూడు నెలల కిందట మెకానిక్ ఇంజిన్ ఆయిల్ మూత తిప్పి చూపించాడు. మూత లోపల పాలెక్కువైన కాఫీలాంటి నురగ.

"హెడ్ గాస్కెట్ పోతోంది మాస్టారూ. ఇంజిన్ మొండేనికీ తలకీ మధ్య పల్చటి రేకు ఉంటుంది. అది చిల్లిపడితే నీళ్లు పోకూడని చోటికి పోతాయి. తల విప్పి చూడాలి."

"విప్పితే బాగవుతుందా?"

"పాత ఇంజిను. విప్పాక గానీ చెప్పలేను."

ఆ మాట మాస్టారు ఒకసారి ఆస్పత్రిలో విన్నాడు. "అయితే విప్పొద్దు," అని ఇంటికొచ్చేశాడు.

అప్పట్నుంచి రోజూ తెల్లారగానే లేచి, రేడియేటరులో తగ్గిన నీళ్లు సీసాతో నింపి, ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు చదివేవాడు. ఈ సంగతి అక్కకు తెలియకూడదు. మరదలు పోయాక తమ్ముడికి తోడుగా వచ్చిన మనిషి ఆవిడ. మనసు మంచిదేనని అందరూ అంటారు. నోటి గురించి ఎవరూ ఏమీ అనరు. తెలిస్తే కారు అమ్మించేదాకా నిద్రపోదని మాస్టారి భయం.

అక్కకు తెలుసు. సాయంత్రం తమ్ముడు నడకకు వెళ్లగానే ఆవిడా ఒక సీసా పోసేది. కారు ఆగితే వీడు గుమ్మం దాటడని ఆవిడ భయం. కారు రోజుకు రెండు సీసాలు తాగుతోంది. ఒకటే తాగుతోందని ఎవరికి వారు లెక్కేసుకున్నారు.

తనిఖీకి ముందు రోజు మాస్టారు కారును కడిగించడానికి ఊరంతా తిప్పాడు. సాయంత్రం కాగితాలు సర్దుకుంటూ నడకకు వెళ్లలేదు. కాబట్టి అక్క నీళ్లు పోయలేదు. మర్నాడు ఉదయం మాస్టారు డిక్కీ తెరిస్తే, తన సీసా పక్కన, కడిగినవాడు జరిపిన పాత గోనెసంచి కింద నుంచి ఇంకో ఖాళీ సీసా బయటపడింది. మూతకు అక్క చీరపీలిక చుట్టి ఉంది. ఆయనకు అంతా అర్థమైంది. రాత్రే పోసేసింది కాబోలు అనుకున్నాడు. సిగ్గేసి, రేడియేటరు వంక చూడకుండానే డిక్కీ మూశాడు. సీసా పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి అక్క కిటికీలోంచి చూసింది. సరే, పోశాడు అనుకుంది.

తొమ్మిదింటికి ఇద్దరూ బయల్దేరారు. రెండో సిగ్నల్ దగ్గర వేడిముల్లు ఎర్రగీత దాటింది.

"అదేంట్రా, ముల్లు అక్కడికి పోయింది?"

"ముల్లు పాతది," అన్నాడు మాస్టారు.

పాత డ్రైవర్లకు ఒక కిటుకు తెలుసు. ఇంజిను కాగిపోతే హీటరు మొత్తం తిప్పాలి. ఇంజిన్లో వేడి కొంత మనుషుల మీదికి వస్తుంది. మాస్టారు తిప్పాడు. మండుటెండలో ఇద్దరి మొహాల మీదికీ కొలిమి తెరిచినట్టయింది.

"ఒరేయ్, నన్ను వేయించుకు తింటావా?"

"ఆఫీసుదాకా ఓర్చుకో అక్కా."

"పొద్దున నీళ్లు పోశావుగా, ఇంకా ఎందుకు కాగుతోంది?"

"నేనెక్కడ పోశాను? నువ్వు రాత్రి పోశావుగా!"

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వెనక తెల్లటి పొగ లేచి బస్సును సగానికి మింగేసింది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన పరుగెత్తుకొచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. అడగని సాయం చేసేవాళ్లు రోడ్డు మీద ఎప్పుడూ ఉంటారు. అడిగినప్పుడే ఉండరు.

"ఆపండి! పెద్దావిడ పోయేలా ఉంది! చూడండి ఆ చెమటలు!"

"తప్పుకోవయ్యా, నాకు పన్నెండుకు పనుంది."

"అమ్మ ప్రాణం కంటే పనా పెద్దాయనా?"

జనం మూగారు. ఎర్ర టోపీ అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అది రానే వచ్చింది. అందులోంచి దిగిన అటెండరు అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"చెమటలు ఎప్పట్నుంచమ్మా?"

"హీటరు పెట్టినప్పట్నుంచి."

"ఈ ఎండలో హీటరెందుకు పెట్టారు?"

"కారుకి జ్వరం. మనమీదికి తీసుకుంటే దానికి తగ్గుతుంది."

అటెండరు అంబులెన్సు డ్రైవరు వైపు తిరిగి, "మతి కూడా తప్పింది," అన్నాడు.

"నీకు తప్పింది రా! తమ్ముడూ, నువ్వైనా చెప్పు!"

"నిజమేనండీ," అన్నాడు మాస్టారు. "రోజూ చెరో సీసా నీళ్లు పడుతున్నాం."

అటెండరు ఆయన్ని కూడా ఎక్కించాడు.

అంబులెన్సులోంచి మాస్టారు మెకానిక్‌కు ఫోన్ చేసి, కారును షెడ్డుకు లాక్కుపొమ్మన్నాడు. తర్వాత గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు అక్కకు సెలైను పెట్టి, చీటీ రాసిచ్చి వదిలేసరికి పన్నెండూ పది. అయినా ఇద్దరూ ఆటోలో తనిఖీ ఆఫీసుకు వెళ్లారు. ఆలస్యంగా లెక్కలు ముగించిన కౌంటరు ఆవిడ అప్పుడే తలుపు వెయ్యబోతోంది.

"టైమైపోయింది. బండి కూడా తేలేదు. గడువు ఈ రోజుతో సరి."

మాస్టారు కాగితాల సంచీ గుండెకు ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. అక్క అతన్ని అలా చూడటం ఇది రెండోసారి. మొదటిసారి మరదలి మంచం పక్కన. అక్క డాక్టరు చీటీ తీసి కౌంటరు మీద కొట్టింది.

"ఇది చదువు తల్లీ! ఇక్కడికి వస్తూ దారిలో చచ్చినంత పనైంది. పైగా నాకు మతి లేదని రాశాడు ఆ కుర్రడాక్టరు!"

కౌంటరు ఆవిడ చీటీ చదివింది. టైము చూసింది. తలుపు మళ్లీ తెరిచి ముద్ర తీసింది.

"తనిఖీకి వస్తూ దారిలో ఆస్పత్రి పాలైతే నలభై రోజులు పొడిగింపు ఉంది. ముందే చెప్పొచ్చుగా?"

"ఆస్పత్రి పాలవుతామని ముందే తెలియదు," అన్నాడు మాస్టారు.

సాయంత్రానికి మెకానిక్ ఇంజిన్ తల విప్పేశాడు. ఈసారి ఎవర్నీ అడగలేదు.

"రేకు రెండుచోట్ల కాలింది మాస్టారూ. తల మాత్రం వంగలేదు. ఇంకో రెండు సిగ్నళ్లు దాటుంటే వంగేది, ఇక తుక్కే. పోనీ ఎలాగో ఆఫీసు చేరినా, ఆ పొగ చూసి గేటు దగ్గరే తుక్కు కింద రాసేసేవాళ్లు. వారంలో కొత్త రేకు వేసి బిగించేస్తా."

"అంటే ఆ ఎర్ర టోపీవాడు మంచే చేశాడురా," అంది అక్క.

"చేశాడు."

"కనిపిస్తే ఒక మాట చెప్పు."

"చెప్పను," అన్నాడు మాస్టారు.

మర్నాడు తెల్లారగానే మాస్టారు నీళ్ల సీసాతో వాకిట్లోకి వచ్చాడు. కారు నిలిపే చోట, ఆయిల్ మరక పక్కన, అక్క సీసా పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ కాసేపు ఆ ఖాళీ జాగా వంక చూశారు.

"ఈ రోజు నీ వంతా, నా వంతా?" అంది అక్క.

కారు షెడ్డులో ఉన్న సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.