కంప మీద రాయి

నాలుగో జీపు కూడా వేరుశనగ చేలోకి దూకి, నిన్ననే బోరునీళ్లు పారించిన మడిలో ఇరుసు దాకా దిగబడేసరికి, బయమ్మ చేతికర్రతో దాని బానెట్ మీద ఒక్కటి వేసింది.

"దిగరా కిందికి! తలకు కుండ బోర్లించుకోని వచ్చినావే, కండ్లు కనపడ్తాండాయా ల్యాదా?"

హెల్మెట్ పెట్టుకున్న బెంగళూరు కుర్రాడికి తెలుగు రాదు. కర్ర మాత్రం అర్థమైంది. దిగి చేతులెత్తాడు. వెనుక ఎర్రదుమ్ములోంచి ఐదో జీపు హారన్ వినిపించింది.

గట్టు మీద ఆగిన ఒకే ఒక్క జీపు ముందు బయమ్మ కోడలు హేమ నిలబడి, "ఆపండప్పా, ఆపండి!" అని చేతులూపుతోంది. ఆ దుమ్ములో ఆమె ఎవరికీ కనిపించడం లేదు. ఐదోది కూడా దిగబడింది.

చేతిమైకు పట్టుకుని ర్యాలీ అధికారి నాగేశ్వర పరుగున వచ్చాడు.

"పెద్దమ్మా, కోపం పడొద్దు. ఇది ర్యాలీ. గార్లదిన్నె నుంచి నల్లమాడ మీంద మడకశిర దాకా మూడు దినాలు. ఒకరెనక ఒకర్ని ఇడుస్తాము. ఒకరు తోల్తారు, పక్కనున్నోళ్లు దావ సూపిస్తారు. తారురోడ్డు తగలకూడదు. గుట్టలు, వంకలు, బండిబాటలు, అంతే."

"రోడ్డు ఏయించండప్పా అని మేము ఆఫీసుల సుట్టూ తిరుగుతాంటే, మీరు రోడ్డు ల్యాని సోటు ఎతుక్కోని వచ్చినారా?"

నాగేశ్వర మైకు చంకలో పెట్టుకుని, దిగబడిన బండ్లు లెక్కపెట్టసాగాడు.

ఈ గోలకు జవాబు చెప్పాల్సిన మనిషి రెండు గుట్టల అవతల, చెక్‌పోస్టు దగ్గర, తన జీపు బానెట్ మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. పేరు దివాకర్. బయమ్మ కొడుకు, హేమ మొగుడు.

అతని కడుపుమంటకు ఒక్క సోడా చాలదు. పోటీకి పేరిచ్చిన నాడే హేమ దారి చూపించడానికి తానొస్తానంది. "కాగితం సూసి కుడి, ఎడమ అనేదానికి నువ్వెందుకు?" అని నవ్వి, స్నేహితుడు ప్రవీణ్‌ను ఎక్కించుకున్నాడు. హేమ వెళ్లి మడకశిర సరళ జీపులో కూర్చుంది. ప్రతి మలుపూ బొమ్మగా గీసి ఇచ్చే రోడ్‌బుక్ మీద ప్రవీణ్ మొదటి రోజంతా వాంతులు చేసుకున్నాడు. హేమ ఒక్క మలుపూ తప్పలేదు. సాయంత్రం మైకులో సరళ, హేమల పేర్లు మోగిపోయాయి. దివాకర్ పేరు బండి పక్కకు తీయమనడానికి కూడా ఎవరూ పిలవలేదు.

భోజనాల దగ్గర మరీ ఘోరం. సరళక్క అట్ల తిప్పింది, సరళక్క ఇట్ల ఎగిరిచ్చింది. పెళ్లైన ఇన్నేళ్లలో దివాకర్ డ్రైవింగ్ గురించి హేమ అన్న మాట ఒక్కటే: "మెల్లగ పో."

"రేపు కూడా మేమే ముందొస్తేనో?" అని ఆమె అడిగింది.

"వస్తే మన జీపు తాళం నీకే ఇచ్చేస్తా. జన్మంతా పక్కసీట్లో కూసుంటా," అని నలుగురి ముందూ అనేశాడు దివాకర్.

మర్నాడు పొద్దున చీటీలు తీస్తే దివాకర్ జీపు మొదట, సరళ జీపు ఆ వెనుక బయలుదేరాలని వచ్చింది. సొంత ఊరి చీలిక దగ్గర దివాకర్ బ్రేకు వేశాడు. ఎడమ బాట పందెం దారి. కుడి బాట అతని చేని గట్టు దాకా పోయి ఆగిపోతుంది. ప్రవీణ్ ఎప్పటిలాగే కిటికీలోంచి తల బయటపెట్టి తన బాధలో తానున్నాడు. దివాకర్ దిగి, ఎండు తుమ్మకంప ఒకటి ఈడ్చి ఎడమ బాటకు అడ్డంగా వేశాడు.

బాటకు కంప అడ్డం ఉంటే, విత్తిన చేనుంది, ఇటు రావద్దని అర్థం. బయటి ఊళ్లవాళ్లకు అది తెలియదు, తొక్కుకుంటూ పోతారు. రైతు ఇంటి కోడలు మాత్రం చచ్చినా దాటదు. కుడికి తిరుగుతుంది, సొంత చేను చూసి నాలుక కరుచుకుంటుంది, వెనక్కి మళ్లుతుంది. కాసేపు ఆలస్యం, అంతే. ఎవరికీ నష్టం లేదు.

దివాకర్ మరిచింది దుమ్మును. హేమ అతను అనుకున్నట్టే కుడికి తిప్పించింది, గట్టు మీద ఆపించింది కూడా. వెనుకవాళ్లు కంపనూ చూడలేదు, రోడ్‌బుక్కునూ చూడలేదు. ముందు లేచిన దుమ్మును పట్టుకుని వచ్చి చేలో పడ్డారు.

చెక్‌పోస్టు కుర్రాడికి ఫోను వచ్చింది. "అన్నా, బండ్లన్నీ ఒకే చేన్లో దిగబడినాయంట!"

"పాపం, ఎవురి చేన్లో?" అన్నాడు దివాకర్ నవ్వాపుకుంటూ.

"మీదేనంట."

దివాకర్ చేరేసరికి కంప సంగతి బయమ్మ చెవిన పడింది. నాగేశ్వర చేతిలోని మైకు ఆమె చేతిలోకి మారింది.

"కంప ఏసినోని సెయ్యి ఇరగ! వాన్ని కనిన తల్లి వానికి బుద్ధి సెప్పి పెంచిందా, గొర్రెల్లో ఇడిసి పెంచిందా? ఆయమ్మను తెచ్చి నా ముందర నిలబెట్టండి, కడిగేస్తా!"

"బాగ అడగమ్మా," దివాకర్ గొంతు కలిపాడు. "ఎవురో గొర్రెలోళ్లు ఏసింటారు."

"పొద్దున నేను దావ సూసుకోని పోయినప్పుడు కంప ల్యాదే," అన్నాడు నాగేశ్వర.

హేమ దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. "అత్తా, కంప గాలికి కొట్టుకపోకుండా మొదలు మీంద రాయి పెట్టి పోయినారు. నేను దిగి సూసినా. రాయి పెట్టాలని బెంగళూరోళ్లకేం తెలుసు? సేద్యం సేసే ఇంట్లో పుట్టినోడు పెట్టిందే అది. నాకన్నా ముందర ఆ దావన పోయింది ఒక్క జీపే."

ఆమె మొగుడి ముందు అరచెయ్యి చాపింది.

"ఏంది?" అన్నాడు దివాకర్.

"తాళం. కంప ఏసినోడు ఓడినట్టే."

దివాకర్ ఏదో అనబోయాడు. చెయ్యి మాత్రం అప్పటికే జేబులోకి పోయింది. బయమ్మ తాళాన్ని చూసింది, కొడుకు మొహాన్ని చూసింది.

"అత్తా, ఆ తల్లిని తిట్టింది సాలు," అంది హేమ మెల్లగా. "ఇంగ తిడితే నీకే తగుల్తాది."

బయమ్మ మైకు దించలేదు.

"ఒరే దివాకరా! నువ్వంట్రా!"

చేను దాటి, వంక దాటి, గుట్టకు కొట్టుకుని మళ్లీ వెనక్కి వచ్చింది ఆ పేరు. మైకులో తన పేరు వినాలన్న దివాకర్ కోరిక మడకశిర దాకా పోకుండానే తీరింది.