తొమ్మిది అంతస్తుల తపస్సు

సోమవారం ఉదయం పదిన్నరకు మా డైరెక్టర్ గారు సిబ్బందినంతా తన గదికి పిలిపించి, ఆ రోజు నుంచి తాను ధర్మబద్ధంగా జీవించబోతున్నట్టు ప్రకటించారు. అప్పటిదాకా ఎలా జీవించారని అడిగేంత కుసంస్కారులు మా ఆఫీసులో లేరు. చప్పట్లు కొట్టాం.

"ధర్మం పుస్తకాల్లో ఉండిపోతే లాభం లేదు. ఆఫీసులోకి రావాలి, అదీ టైముకి రావాలి," అన్నారాయన. "సత్యం, అహింస, మౌనం, ఉపవాసం, నిష్కామకర్మ. ఈ ఐదూ ఇవాళ్టి నుంచి అమలు. ఆరోది, యంత్రాల మీద మోజు వదులుకోవడం. నేనిక లిఫ్టు ఎక్కను."

మాది తొమ్మిదో అంతస్తు. ఈసారి చప్పట్లు మనస్ఫూర్తిగా కొట్టాం.

మధ్యాహ్నానికి సర్క్యులర్ వచ్చింది. అంత పెద్ద అధికారి ఆరు వ్రతాలూ ఒంటిచేత్తో మోయడం పాలనాపరంగా సాధ్యం కాదు కనక పని విభజన జరిగింది. ఉపవాసం డ్రైవరుకు పడింది. మౌనం టెలిఫోన్ ఆపరేటరుకు ఇచ్చారు. ఎవరి మనసూ, ముఖ్యంగా సారు మనసు, నొచ్చుకునే ఉత్తరం టైపు చేయకుండా ఉండే పూచీతో అహింసను టైపిస్టుకు అప్పగించారు. సీనియర్ గుమాస్తానైన నాకు సత్యం వచ్చింది. నిష్కామకర్మ మాత్రం అందరికీ ఉమ్మడి. మేం పని చేస్తాం, ఫలితం ఆశించం. అర్జీ పెట్టుకున్నవాళ్ళు కూడా ఆశించకూడదని చివర్లో ఒక గమనిక ఉంది. పాపాన్ని తలా పిడికెడు పంచుకోవడం లోకంలో ఉన్నదే. పుణ్యాన్ని సర్క్యులర్ మీద పంచిన ఆఫీసు మాదొక్కటే అనుకుంటాను.

లిఫ్టు వ్రతాన్ని మాత్రం సారు ఎవరికీ ఇవ్వలేదు. స్వయంగా ఉంచుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

"సార్, సత్యం అంటే నేనేం చెయ్యాలి?" అని అడిగాను.

"బయటివాళ్ళు ఏదడిగినా నిజమే చెప్పాలి. అబద్ధం అన్న మాట నా ఆఫీసులో వినపడకూడదు."

"అలాగే సార్."

"చెప్పేముందు డ్రాఫ్టు పెట్టండి. నేను సరిచేసి ఇస్తాను."

ఆ సాయంత్రమే నా సత్యంతో పని పడింది. అడిగింది మా లిఫ్టక్క. పదకొండేళ్ళుగా ఆ లిఫ్టులో స్టూలు మీద కూచుని మీటలు నొక్కుతున్న మనిషి.

"సార్, పోయిన వారం మెకానిక్ రాసిచ్చిన కాయితం ఏమైంది?"

మెకానిక్ లిఫ్టు పరీక్షించి, ఇనప తాడు పోగులు పోగులుగా తెగుతోందని, వెంటనే ఆపించమని రాశాడు. ఆపాలంటే డైరెక్టర్ గారి సంతకం కావాలి. అది లేకుండా మెకానిక్ కరెంటు తీయకూడదు, అక్క స్టూలు దిగకూడదు. దిగితే ఉద్యోగం పోతుంది. పోనీ తాడు పాతదా అంటే కాదు. "కొత్త తాడు అమర్చబడినది" అని డైరెక్టర్ గారి సంతకంతో నిరుటి ఇత్తడి బోర్డు లిఫ్టులోనే మెరుస్తూ ఉంది.

"బోర్డే కొత్తది సార్, తాడు పాతదే," అంది అక్క. "ఆరో అంతస్తు దాటేటప్పుడల్లా పైన టంగుమంటోంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. రోజుకి వందసార్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కి దిగుతున్నా. ఆ సంతకమేదో పెట్టించి పుణ్యం కట్టుకోండి."

నేను డ్రాఫ్టు పెట్టాను. 'లిఫ్టు తాడు తెగుతోంది' అని రాశాను. మర్నాడు సరిదిద్ది వచ్చింది. నా వాక్యం కొట్టేసి, పైన ఆకుపచ్చ సిరాతో, 'ఈ లోకంలో ఏ బంధమూ శాశ్వతం కాదు' అని ఉంది. మా ఆఫీసులో ఆకుపచ్చ సిరా వాడే అధికారం ఆయన ఒక్కరికే.

"అసలు ఆ మెకానిక్ కాయితం పెట్టిన ఫైలు ఏమైంది సార్?" అన్నాను.

"ఏ ఫైలు? నా దగ్గరికి రానే లేదు. వెతికించండి."

మూడు రోజులు బీరువాలన్నీ వెతికాం. రెండు గొడుగులు, పదవీ విరమణ చేసిన ఒకాయన కళ్ళజోడు దొరికాయి. ఫైలు దొరకలేదు. అక్కకు సరిదిద్దిన సత్యం వినిపించాను. ఆవిడ, "అంటే సంతకం అవలేదంటారు," అని మీట నొక్కింది.

ఇక సారు తపస్సు గురించి చెప్పాలి. నూట అరవై రెండు మెట్లు. యాభై ఆరేళ్ళ వయసు, ఆయనకంటే ఒక అడుగు ముందు నడిచే పొట్ట. నాలుగో అంతస్తు దాకా దేవుణ్ణి తలుచుకునేవారు, ఆపైన డాక్టర్ని. వెనకాల డ్రైవరు ఉపవాసంతో సారు టిఫిన్ క్యారియర్ మోసుకొచ్చేవాడు. పక్కనే లిఫ్టు తలుపు తెరుచుకుని ముసలివాళ్ళూ, నిండు చూలాళ్ళూ హాయిగా పైకి పోతుంటే ఆయన చలించేవారు కాదు. "పాపం, వాళ్ళకింకా వైరాగ్యం రాలేదు," అనేవారు రొప్పుతూ.

రెండో వారంలో పత్రికా విలేకరి వచ్చాడు.

"సార్, ఒక్కసారైనా లిఫ్టు ఎక్కాలనిపించలేదా?"

"చచ్చినా ఎక్కను," అన్నారు సారు. అంత నిజాయితీ ఆ గొంతులో నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఫోటోతో సహా పడింది. పొగమంచులో మునిలా చెమటలో సారు. అది చూసి మంత్రిగారే ఫోన్ చేశారు. శుక్రవారం స్వయంగా వచ్చి, తొమ్మిదో అంతస్తులోనే సన్మానం చేస్తామన్నారు. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయనీ, లిఫ్టులో వస్తామనీ అన్నారు.

సారు మొహం సున్నం కొట్టిన గోడయింది.

"వద్దండీ! తమరు ఎక్కి రావడమేమిటి? నేనే దిగొస్తాను. పెద్దల దగ్గరికి దిగి రావడం నా ధర్మం!"

ఆ వినయానికి టైపిస్టు ముక్కు చీదుకుంది. సభ కింద హాల్లో ఏర్పాటు చేశాం.

శుక్రవారం మంత్రిగారు వచ్చేశారు. మైకు పలికింది. సారు జేబులు తడుముకుని నా చెవిలో అన్నారు.

"నా ఉపన్యాసం కాగితాలు పైన టేబుల్ సొరుగులో ఉండిపోయాయి. పరిగెత్తండి. లిఫ్టులో వెళ్ళండి, మీకు ఆ వ్రతం లేదుగా!"

అక్క నన్ను పైకి చేర్చింది. ఆరో అంతస్తు దగ్గర నిజంగానే టంగుమంది. సారు గదికి వెళ్ళి సొరుగు లాగాను. కాగితాలు పైనే ఉన్నాయి. వాటి కిందే మెకానిక్ ఫైలు ఉంది. తెరిచాను. 'ఈ లిఫ్టు ఎక్కినవారికి ప్రాణాపాయం' అన్న వాక్యం కింద రెండు గీతలు. పక్కన 'చూశాను' అని సంతకం, తేదీ. ధర్మప్రకటనకు రెండు రోజుల ముందు, శనివారం. అంతా ఆకుపచ్చ సిరా.

ఫైలు ఎక్కడిదక్కడ పెట్టేసి సొరుగు మూశాను.

బయట అక్క తలుపు పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఒక ముసలాయన, కడుపుతో ఉన్న ఒకమ్మాయి.

"రండి సార్, కిందికేగా? ఫైలేమైనా కనిపించిందా?"

సత్యం నా శాఖే. కాని డ్రాఫ్టు ఆమోదం కాలేదు.

"లేదక్కా. మీరు పదండి. నేనూ ఇవాళ్టి నుంచి వ్రతం పట్టాను."

"పుణ్యాత్ములు సార్," అంది అక్క, తలుపు మూస్తూ.

మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా దిగాను. ఆరో అంతస్తు దగ్గర మాత్రం చెవులు మూసుకున్నాను. చెమటలు కక్కుతూ హాల్లోకి అడుగుపెట్టేసరికి మంత్రిగారు మైకులో చెబుతున్నారు.

"అదిగో చూడండి! ఆయన చూపిన దారిలో సిబ్బంది కూడా నడుస్తున్నారు!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను చేతులు జోడించాను. సారు నన్ను కౌగిలించుకుని, కాగితాలు తీసుకుని, గొంతు సవరించుకున్నారు.

చప్పట్లు ఆగాక హాలు బయట లిఫ్టు తలుపు వైపు చూశాను. నాకంటే ముందు బయలుదేరిన లిఫ్టు ఇంకా కిందికి రాలేదు.