జమానత్ మొయినుద్దీన్‌కు ఐదువందల తొంభై!

మనిషిని తెలుసుకోవడానికి మనిషితో పనేమిటండీ? మూడంకెలు చాలు! క్రెడిట్ స్కోరనే ఈ వరం మన తాతల కాలంలోనే ఉండి ఉంటే, పాపం వాళ్లు ఒకరినొకరు నమ్ముకుంటూ అంత టైమ్ వేస్ట్ చేసుకునేవారా?

బోధన్‌లో బీరువాలు చేసే మొయినుద్దీన్ సంగతే చూడండి. ఊళ్లో సగం ఇళ్ల పత్రాలు ఆయన చేసిన బీరువాల్లోనే భద్రంగా ఉన్నాయి. ఆయన ఉంటున్న ఇంటి పత్రం మాత్రం చంద్రయ్య బీరువాలో ఉంది. ఇల్లు చంద్రయ్యది మరి. ముందుగదిలో దుకాణం, వెనక కాపురం, ముప్పై ఏళ్లుగా అద్దె.

ఇప్పుడు చంద్రయ్య ఆ ఇల్లు అమ్ముతున్నాడు. "మొయిన్ భాయ్, నువ్వు తీసుకుంటనంటే వేరేటోళ్లకియ్య. గని ఉగాది దాంకనే ఆగుత," అన్నాడు. ఆ వాకిట్లోనే పిల్లల్ని పెంచిన ఆయన భార్య మహబూబీకి ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు.

మొయినుద్దీన్ ధీమాగా బ్యాంకుకెళ్లాడు. జన్మలో ఒక్క అప్పు ఎగ్గొట్టి ఎరగడు! బదిలీ మీద కొత్తగా వచ్చిన లోన్ ఆఫీసర్ వెంకటసుబ్బారావు కంప్యూటర్‌లో స్కోరు చూసి, లోన్ రాదని పెదవి విరిచారు. ఐదువందల తొంభై!

నేరమేమిటంటారా? జమానత్! ఎవరు అప్పుకెళ్లినా పూచీగా మొయిన్ భాయ్ సంతకం ఉండాల్సిందే. పక్కనున్న వర్ని ఊరి ఎర్రన్న ట్రాక్టరు అప్పుకూ ఆయనే సంతకం పెట్టాడు. వడ్ల పైసలు ఆలస్యమై ఎర్రన్న కిస్తీలు తప్పాడు. తర్వాత అణాపైసలతో సహా కట్టేశాడనుకోండి. కానీ కంప్యూటర్‌కు వానలూ వడ్లూ పట్టవు. పట్టకపోవడమే దాని గొప్పతనం!

"స్కోరు పెరగాలంటే చిన్న క్రెడిట్ కార్డు తీసుకుని, కొద్దిగా వాడి, టైమ్‌కు కట్టండి. ఇకమీద ఎవరికీ హామీ ఉండకండి, ఎంత కావలసినవాళ్లైనా సరే!" అన్నారు వెంకటసుబ్బారావు.

మొయినుద్దీన్ బుద్ధిగా కార్డు తీసుకుని చాయ్‌పత్తి కూడా దానిమీదే కొన్నాడు. "తౌబా! చేతుల పైసలు పెట్టుకొని ఉద్దెర తెచ్చుడేంది?" అని మహబూబీ నెత్తి కొట్టుకుంది. ఆధునిక ఆర్థికశాస్త్రం ఆవిడకేం తెలుసు!

ఓ సాయంత్రం వెంకటసుబ్బారావు గారే ముఖం వేలాడేసుకుని దుకాణానికి వచ్చారు.

"వచ్చినప్పట్నుంచీ లాడ్జిలోనే ఉన్నానండీ. ఎవరూ ఇల్లు అద్దెకివ్వడం లేదు."

"మీ స్కోరెంత సార్?"

"ఎనిమిది వందల పన్నెండు! ఫోన్‌లో చూపించాను కూడా. 'గీ నంబర్ నాకెందుకు సారూ, మొయిన్ భాయ్‌తోని ఒక్క మాట చెప్పియ్యి' అంటున్నారు."

మొయినుద్దీన్ నోటిదాకా 'సరే' వచ్చింది. వెనక వాకిట్లో మహబూబీ గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడింది.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. ఎవ్వలకూ జమానత్ ఉండద్దని మీరే చెప్పిండ్రు గదా."

"అది అప్పులకండీ! ఇది మాటే కదా!"

"మా తాన రెండూ ఒక్కటే సార్."

ఆయన లాడ్జి వైపు నడిచి వెళుతుంటే మొయినుద్దీన్ సిగ్గుతో తలెత్తలేకపోయాడు. గడపకొచ్చి అడిగినవాడికి లేదనడం ఆయన బతుకులో అదే మొదలు.

సంతోషించండి! మొయినుద్దీన్ స్కోరు పెరుగుతోంది.