తడి ఆరని మెట్టు

గడియారాలు బాగుచేసే పెద్దాయన కోరిక ఒక్కటే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, సొంతింటి మెట్టు మీద, భార్య పక్కన కూర్చోవాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు, పెళ్లయిన దగ్గర్నుంచీ జరుగుతున్నదే. కానీ సముద్రం చూడటానికి జనం ఎగబడటం మొదలయ్యాక, ఆ మెట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు బూట్లలోని ఇసుక దులుపుకుంటూ ఉంటున్నారు.

"కాస్త జరగమంటే జరుగుతారు కదండీ! పాపం, కాళ్లు నొప్పులేమో" అనేది భార్య.

"మన మెట్టు మీద మనం బతిమాలుకుని కూర్చోవాలా?" అని ఆయన మండిపడేవాడు.

చివరికి ఒక ఆదివారం చీకటితోనే లేచి, తలుపుకు వేయగా మిగిలిన నీలం రంగు మెట్టంతా పులిమేశాడు. తడి రంగు మీద ఎవడు కూర్చుంటాడో చూద్దామనుకున్నాడు. తనెక్కడ కూర్చోవాలో మాత్రం ఆలోచించలేదు.

ఈ ఘనకార్యం చెబుదామని వంటింట్లోకి వెళ్లేసరికి ఆవిడ అక్కడ లేదు. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, రెండు గ్లాసులతో పక్క తలుపులోంచి వీధిలోకి వచ్చి, ఖాళీగా ఉన్న మెట్టు చూసి మురిసిపోయి చటుక్కున కూర్చుంది.

"లేవకు! కాదు, లే! అయ్యో, వద్దొద్దు, లేవకు!" అంటూ ఆయన పరుగెత్తుకొచ్చాడు.

ఆవిడ చేతికంటిన నీలం చూసుకుంది. అప్పటికే వీధి మొదట్లో జనం కనిపిస్తున్నారు. "ఈ అవతారంతో వాళ్ల ముందు ఎలా లేస్తానండీ? ఎంత నవ్వుతారో!" అంది, కళ్లనీళ్లు పెట్టుకుని.

ఆయన ప్రాణం ఉసూరుమంది. ఆవిడ పక్కనే, ఆ తడి రంగులోనే చతికిలబడ్డాడు.

"మీకేం పోయేకాలమండీ?"

"నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వనీ."

జనం వచ్చి వింతగా చూశారు. ముసలివాళ్ల పరువు కాపాడదామని పక్కింటి లాడ్జి యజమాని నోటికొచ్చింది చెప్పేశాడు. "ఇలా తడి రంగులో కూర్చున్న ఆలుమగలు జన్మలో విడిపోరండీ. మా వీధి ఆనవాయితీ!"

అంతే! ఒక కొత్త జంట వచ్చి పక్కనే కూలబడింది. వాళ్ల వెనక ఇంకో జంట. పొద్దున్నుంచి మాటల్లేకుండా తిరుగుతున్న ఒక మొగుడూ పెళ్లాం కూడా వరుసలో నిలబడ్డారు. మధ్యాహ్నానికి వీధిలో సగం మంది వెనకభాగాలు నీలమే.

"ఇక లేవొచ్చులే. మనల్ని చూసి నవ్వేవాళ్లెవరూ లేరు" అన్నాడాయన గుసగుసగా.

"కూర్చోండి" అంది ఆవిడ, ఆయన చెయ్యి వదలకుండా. "పూటంతా నా పక్కన కూర్చుని ఎన్నాళ్లయింది మీరు?"

ఇంకో జంట వస్తే, ఎవరూ అడగకుండానే ఆయన కాస్త జరిగాడు.

మరుసటి ఆదివారం, వీధి ఇంకా నిద్ర లేవకముందే, ఆయన మెట్టుకు రెండో పూత వేశాడు.