ఎడమ చేత్తో ఇచ్చిన పొట్టేలు

శుక్రవారం పొద్దున్నే సెర్వా మనవరాలి సంచీ సర్దుతోంది. సర్దడమంటే ఒకటి పెట్టి రెండు తీయడం. పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ఉండలు పెట్టింది, ఎండుచేపలు పెట్టింది, కారం సీసా పెట్టింది. అది ఒలికి ఖాకీ చొక్కా పాడవుతుందేమోనని తీసింది. అక్కడి కూర చప్పగా ఉంటే పిల్ల ఏం తింటుందని మళ్ళీ పెట్టింది. పదకొండేళ్ళ అడోమా స్కౌట్లతో కలిసి సరస్సు ఒడ్డున క్యాంపుకు వెళ్తోంది. ఆదివారం సాయంత్రానికి తిరిగి వస్తుంది. వస్తుందని స్కౌట్లను నడిపే బైడూ మాస్టారు చెప్పాడు.

ఆ ఇంటి నుంచి సంచీ పట్టుకుని వెళ్ళినవాళ్ళ లెక్క సెర్వాకు నోటికి వచ్చు. ఎవరు అడిగినా ఒకే తీరున చెప్పేది. "మా ఆయన మంగళవారం కోకో లారీలో వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఈ పిల్ల తల్లి గురువారం పొద్దున అక్రా బస్సెక్కింది. తిరిగి రాలేదు." అంతకు మించి ఒక్క మాట కలిపేది కాదు.

"మూడు రోజులే కదా అమ్మమ్మా," అంది అడోమా, మెడకు పసుపు స్కార్ఫు చుట్టుకుంటూ.

"మీ అమ్మ రెండు రోజులే అంది. కదలకు, కాలరు మడత పడింది. చెవిపోగులేవే?"

"తీసేశా. రూలు."

"మెడ దగ్గర ఈ తోలు ఉంగరం?"

"రూలు. స్కార్ఫు లేకపోతే అసలు ట్రక్కే ఎక్కనివ్వరు."

"మరి తెల్లారినప్పటి నుంచీ ఆ గుంజకు ఎడమ చెయ్యి ఇస్తున్నావేం?"

"అదీ రూలే. స్కౌట్లు ఎడమ చేతులు కలుపుకుంటారు."

సెర్వా చేతిలో సీసా అలాగే ఆగిపోయింది. అడోమాది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. కుడిచేత్తో తినడం, కుడిచేత్తో ఇవ్వడం, కుడిచేత్తో పలకరించడం నేర్పేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఎడమ చెయ్యా? మనుషులకా? ఎందుకటా?"

"మాస్టారు చెప్పాడు. నేనప్పుడు ముడులు వేస్తున్నాను, వినలేదు."

అంతలో అబ్రెఫా వచ్చాడు. ఆయన సెర్వాకు అన్న, వంశానికి పెద్ద. ఆయన సరేనంటేనే ఆ ఇంటి పిల్ల ఊరు దాటాలి. భుజం మీది వస్త్రం సర్దుకుని కుర్చీలో కూర్చుని, దీవించడానికి చెయ్యి చాచాడు. అడోమా మడమలు కలిపి, ఛాతీ విరిచి, వారం రోజులుగా సాధన చేసినట్టే ఎడమ చెయ్యి చాచింది.

గోడ అవతల ఫుఫు ముద్ద కోసం ఉడికిన దుంపలు దంచుతున్న పొరుగింటి అఫ్రియె రోకలి పైకెత్తి, దించడం మరిచిపోయింది.

అబ్రెఫా ఆ చేతిని కాసేపు చూశాడు. "ఇది నాకేనా, ఎవరైనా ఇక్కడ మర్చిపోయి వెళ్ళారా?" అన్నాడు.

"తెలియక చేసింది అన్నయ్యా."

"తెలిసే చేసింది. గుంజకు కూడా ఇచ్చిందని అఫ్రియె చెప్పింది. పరిహారంగా పొట్టేలు వచ్చేదాకా పిల్ల గడప దాటదు."

సెర్వా మనసు ఎంతో తేలికపడింది. ఎవరూ చూడకుండా సంచీలోంచి కెంకే ఉండలు ఒక్కొక్కటే తీయసాగింది.

వీధి చివర ట్రక్కు ఆపుకుని ఎదురుచూస్తున్న బైడూ మాస్టారికి కబురు చేరింది. ఆయన నిక్కరు మడత కూడా నలగనివ్వని మనిషి. అయినా సంతకు పరుగెత్తి ఒక పొట్టేలును ఈడ్చుకొచ్చాడు. పెద్దాయన కనబడగానే అలవాటుగా కుడిచేతి మూడు వేళ్ళు సెల్యూట్‌కు నుదుటి దగ్గరికి వెళ్ళిపోయాయి. మిగిలింది ఎడమ చెయ్యి. తాడు అందులో ఉంది. దాన్ని అలాగే అందించాడు.

"క్షమాపణ కూడా ఎడమ చేత్తోనే వచ్చిందన్నమాట," అన్నాడు అబ్రెఫా, తాడు మాత్రం తీసుకుని. "ఇది పిల్ల తప్పుకు. మాస్టారి తప్పుకు ఇంకొకటి తెండి."

బైడూ కంగారుపడి, "పెద్దాయన దగ్గర మర్యాదగా నడుచుకోండి" అని పిల్లల్ని ట్రక్కు దింపాడు. వాళ్ళకు తెలిసిన మర్యాద వాళ్ళు చేశారు. వరసగా వచ్చి, నవ్వుతూ, ఒక్కొక్కరూ ఎడమ చెయ్యి చాచారు.

"పదకొండు పొట్టేళ్ళు," అంది అఫ్రియె గోడ అవతలి నుంచి. "అన్నీ వస్తే మా పెరట్లో కట్టుకోండి, చోటుంది."

బైడూ నేల మీదే కూలబడ్డాడు. "అయ్యా, ఇది అవమానం కాదండి. పాతకాలంలో యోధుడు ఎడమ చేత్తో డాలు పట్టేవాడట. ఎడమ చెయ్యి ఇవ్వాలంటే డాలు కింద పెట్టాలి. నిన్ను నమ్మాను అని చెప్పడం. స్కౌట్లను మొదలుపెట్టిన తెల్లదొర మనవాళ్ళను చూసే నేర్చుకున్నాడని చెబుతారండి."

"మా తాతకు డాలుండేది. ఆయన ఎవరికీ ఎడమ చెయ్యి ఇవ్వలేదు."

"స్కార్ఫు ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకోవడానికేనండి. లేనివాళ్ళకు ఇవ్వకూడదు."

"అయితే మీ రూలు ప్రకారం కూడా తప్పే."

ట్రక్కు హారను మోగింది. అడోమా ఏడవలేదు. మెడలోంచి స్కార్ఫు తీసి, నాలుగు మడతలు పెట్టి, కుడిచేత్తో, వినయంగా, అమ్మమ్మ నేర్పినట్టే అందించింది. "దాచు అమ్మమ్మా."

సెర్వా ఆ చేతిని చూసింది. ఇన్నేళ్ళూ వెళ్ళినవాళ్ళ లెక్కే ఆమెకు తెలుసు. వెళ్ళలేక ఉండిపోయినవాళ్ళ ముఖం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆమె లేచి, స్కార్ఫు విప్పి, తిన్నగా వెళ్ళి అన్న మెడకు చుట్టింది.

"ఏమిటే ఇది?"

"కదలకు, ముడి పడటం లేదు. మాస్టారూ, ఇప్పుడు మా అన్నయ్యకు స్కార్ఫు ఉందా, లేదా?"

"ఉందండి."

"ఈయనకు కుడిచెయ్యి ఇస్తే?"

బైడూ లేచి నిలబడ్డాడు. "తప్పండి."

పెద్దాయన మెడలో స్కార్ఫు చూడగానే పిల్లలంతా ఒక్కసారిగా మడమలు కొట్టి సెల్యూట్ చేశారు. వంశపెద్దగా అబ్రెఫాకు ఎందరో తల వంచారు, మద్యం సీసాలు తెచ్చారు. ఇలా చప్పుడు చేసి గౌరవించినవాళ్ళు మాత్రం లేరు. ఆయన వెన్ను నిటారు చేసుకున్నాడు.

"అఫ్రియే, పసుపు నాకు నప్పిందా?"

"పదేళ్ళు తగ్గావు. ఇంకా బిగిస్తే ఇంకో పదేళ్ళు తగ్గుతావు."

అబ్రెఫా అందరికీ ఎడమ చెయ్యి ఇచ్చాడు. రెండోసారి అడిగినవాళ్ళకు రెండోసారి ఇచ్చాడు. తరువాత, పిల్లల నడవడి ఎలా ఉంటుందో తాను స్వయంగా చూడాలంటూ ట్రక్కులో ముందు సీటెక్కాడు. స్కార్ఫు తీయలేదు. తాడూ వదల్లేదు, అందుకని పొట్టేలును వెనక పిల్లల మధ్యకు ఎక్కించారు.

అడోమా కిందే నిలబడి ఉంది. స్కార్ఫు లేనిదే ట్రక్కు ఎక్కకూడదు. సెర్వా తన తలగుడ్డ విప్పింది. అదీ పసుపుదే. దాని మీద నత్తల బొమ్మలున్నాయి. వాటిని చూడకుండా ఉండటానికి బైడూ మాస్టారు ఆకాశం వైపు తిరిగాడు. ఆమె మనవరాలి మెడలో గుడ్డ కట్టి, కెంకే ఉండలు మళ్ళీ సంచీలో కుక్కి, కాసేపు తటపటాయించి ఎడమ చెయ్యి చాచింది. అడోమా దాన్ని గట్టిగా పట్టుకుని, వదిలి, ట్రక్కెక్కింది.

ఆదివారం సాయంత్రం అడోమా చెప్పిన వేళకే వచ్చింది, మోకాలి మీద ఒక గీరుడు గాయంతో. అబ్రెఫా వచ్చాడు, స్కార్ఫుతోనే. ఇప్పుడు ఎవరైనా అడిగితే సెర్వా తన లెక్క చివర ఇంకొకటి కలుపుతుంది.

"పొట్టేలు శుక్రవారం మధ్యాహ్నం ట్రక్కెక్కింది. తిరిగి రాలేదు."