వాంగ్మూలంలో పచ్చ చీర

సంపూర్ణమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో భర్త లాయరు అబ్రహాము గారి నల్లకోటు మీద కుస్తీ పడుతోంది. పక్క బల్ల మీద ఆయన టేపు రికార్డరు తిరుగుతోంది. స్థలాల తగాదాలూ బీమా క్లెయిములూ చూసే ఆయనకు ఈ మధ్య యంత్రాల పిచ్చి పట్టుకుంది. వన్ టౌన్ మొత్తంలో టేపుకి డిక్టేషను చెప్పే లాయరు తనొక్కడేనని మురిపెం.

"ఆదిశేషయ్య అను నేను ఇచ్చే వాంగ్మూలం. నిప్పంటుకున్న నాటికి నా గోడౌను నిండా చీరలున్నవి..." అని చెబుతూ, గేటు చప్పుడుకి వీధిలోకి వెళ్ళారు.

వచ్చింది ఆదిశేషయ్యే. నేత చీరల వ్యాపారి. గోడౌనుతో పాటు బిల్లు పుస్తకాలూ కాలిపోయాయి. కాలింది ఖాళీ గోడౌనని బీమా ఆఫీసు వాదన. వాంగ్మూలం ఇవ్వడానికి ఇదే ఆఖరి రోజు. క్లెయిము రాకపోతే కొట్టు మూసుకోవడమే.

కిటికీ దగ్గరికి పక్కింటి తెరేసమ్మ వచ్చింది.

"వదినా, నా మనసు పీకుతోంది," అంది సంపూర్ణమ్మ గొంతు తగ్గించి. "నిప్పంటుకునే ముందురోజే ఆ గోడౌన్లో నేనో పచ్చ చీర తీసుకున్నా. బేళ్ళు పైకప్పు దాకా ఉన్నాయి. బిల్లు కూడా ఉంది."

"మరి చూపించవేం?"

"చూపిస్తే ఆదిశేషయ్య గారు గట్టెక్కుతారు, నేను మునుగుతా. ఈ ఏడు చీరల మాటెత్తనని మా ఆయన ఒట్టేయించుకున్నారుగా! బిల్లు బైబిల్లో, సంఖ్యాకాండంలో దాచా. మా ఆయన అంత దూరం చదవరు."

టేపు మాత్రం శ్రద్ధగా విన్నది.

టైపిస్టు జక్కయ్య కిందటి వారం సొంత తెలివితో రెండు వాక్యాలు ఎగరగొట్టి చీవాట్లు తిన్నాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. "యంత్రం తప్పు చెయ్యదయ్యా," అంటూ అబ్రహాము గారు ఆదిశేషయ్య చేత చదవకుండానే సంతకం పెట్టించి, కింద తానూ పెట్టారు.

నాలుగోరోజు పొద్దున్నే బీమా ఆఫీసరు జీవరత్నం ఆ కాగితంతో, ఆదిశేషయ్యను వెంటబెట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"ఆదిశేషయ్య గారూ, చిన్న సందేహమండీ. మీ ఆయనెవరు?"

"నాకు ఆయనేంటండీ!"

"మీరే చెప్పారుగా. చీరల మాటెత్తనని మా ఆయన ఒట్టేయించుకున్నారని. కింద మీ సంతకం. ఆ కింద లాయరు గారిది."

లోపల ఇస్త్రీపెట్టె కోటు వీపు మీదే ఆగిపోయింది.

అబ్రహాము గారు కాగితం లాక్కుని చదివారు. మొహం ఎర్రబడి, ఆపైన తెల్లబడింది. "జక్కయ్యా!"

"అక్షరం పోనివ్వలేదండి," అన్నాడు జక్కయ్య గర్వంగా. "తెరేసమ్మ గారి దగ్గు కూడా కొట్టా. మూడో పేరా."

"నీకైనా నోరు లేదా?" అని లాయరు గారు ఆదిశేషయ్య మీదికి తిరిగారు.

"చీర కొన్నట్టు ఎవరికీ చెప్పనని అమ్మగారికి మాటిచ్చానండీ," అన్నాడాయన తల దించుకుని.

"ఆ గొడవ మీరు మీరు చూసుకోండి," అన్నాడు జీవరత్నం. "బిల్లుంటే క్లెయిము ఇవాళే రాసేస్తా. అదెక్కడుందో కూడా ఇందులోనే ఉంది. బైబిలు తెప్పించండి."

తెప్పించే పని లేకపోయింది. సంపూర్ణమ్మే తెచ్చింది, సంఖ్యాకాండం తెరిచి మరీ. బిల్లు మీద తేదీ ఉంది, బేలు నంబరు ఉంది. చీర కూడా చూడాలని ఆఫీసరు అంటే లోపలికెళ్ళి కట్టుకునే వచ్చింది. జీవరత్నం రాసుకున్నాడు. ఆదిశేషయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక అబ్రహాము గారు వీపున ఇస్త్రీపెట్టె ముద్ర పడిన కోటు తొడుక్కుని, పచ్చ చీర వంక చూస్తూ గొంతు సవరించుకున్నారు. అనవలసినవి చాలా ఉన్నాయి. అంతలో బల్ల మీద కిర్రుమని చప్పుడైంది. టేపు చక్రాలు తిరుగుతున్నాయి. స్విచ్చి మీద సంపూర్ణమ్మ వేలుంది. పక్కగదిలో జక్కయ్య అప్పుడే కొత్త కాగితం ఎక్కించాడు.

లాయరు గారు తెరిచిన నోరు మూసుకుని కోర్టుకి వెళ్ళిపోయారు.