నక్కగారి బొమ్మలో గూడు

పులులకు కూడా దారి తప్పే ఒక పెద్ద అడవిలో, తుమ్మకొమ్మకు వేలాడే గూట్లో తాయారమ్మ అనే గిజిగాడి పిట్ట గుడ్లు పొదుగుతోంది. ఇవాళో రేపో పిల్లలు బయటికి రావాలి.

ఆ పొద్దున వాగుకెళ్లి నీళ్లు తాగి వచ్చేసరికి కొమ్మ ఉంది, గూడు లేదు.

"అదృష్టమంటే నీదే పిన్నీ! నీ గూడు నక్కగారి బొమ్మలోకి వెళ్లింది," అంది పక్కకొమ్మ మీది ఉడత.

నక్క కామేశం అడవి కళాపరిషత్తు అధ్యక్షుడు. మృగరాజు పుట్టినరోజుకని ప్రకృతి స్ఫూర్తితో ఒక నైరూప్య చిత్రం తయారుచేస్తున్నాడు. పెద్ద బెరడు పలక మీద ఎర్రమట్టి మెత్తి, తేనె పూసి, నెమలి ఈకలూ సీతాకోకచిలుకల రెక్కలూ అంటించాడు. నట్టనడుమ తాయారమ్మ గూడు.

"బాబూ, నా గూడు నాకిచ్చెయ్యి. నీకు పుణ్యముంటుంది," అని ఆమె బతిమాలింది.

కామేశం కళ్లు అరమోడ్చాడు. "అమ్మా, అదిప్పుడు గూడు కాదు. మాతృత్వంలోని శూన్యం."

"శూన్యమేమిటి నాయనా, అందులో గుడ్లున్నాయి!"

"కళను దూరం నుంచి చూడాలి," అన్నాడతను. కాపలా తోడేలు ఆమెను దూరానికి తరిమింది.

పుట్టినరోజు సభలో మృగరాజు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాట అంటే పరువు పోతుందని తల ఊపాడు. వెంటనే జింకలు ఊపాయి, కుందేళ్లు ఊపాయి. నెమలి అయితే, పీకించుకున్న ఈకల్ని గుర్తుపట్టి, "నావే! నావే!" అని మురిసిపోయింది.

అంతలో గూట్లోంచి కిచకిచలు వినిపించాయి.

"ఆహా, బొమ్మకి సంగీతం కూడానా!" అని సభంతా చప్పట్లు.

"సంగీతం కాదయ్యా, ఆకలి! నా పిల్లలు ఏడుస్తున్నాయి!" అని తాయారమ్మ గొంతు చించుకుంది.

"నిశ్శబ్దం!" అని కసిరింది తోడేలు.

ముఖ్య అతిథి ఎలుగుబంటి బుచ్చయ్య ప్రసంగానికి లేచాడు. ఏం చెప్పాలో తోచక నీళ్లు నములుతున్నాడు. తాయారమ్మ రివ్వున వెళ్లి అతని చెవి మీద వాలింది.

"అయ్యా, అదంతా పుట్టతేనె," అంది మెల్లగా.

ఆ బొమ్మ గురించి బుచ్చయ్యకు అర్థమైన మొదటి మాట అదే. ప్రసంగం మానేసి నాకడం మొదలుపెట్టాడు. ఈకలు రాలాయి, మట్టి జారింది, గూడు ఊడి మెత్తటి గడ్డిలో పడింది. తాయారమ్మ, ఉడత కలిసి దాన్ని పొదచాటుకు ఈడ్చుకుపోయారు. గూట్లో పిల్లలన్నీ క్షేమంగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

సభలో బోసి బెరడు మిగిలింది. మృగరాజు కనుబొమలు ముడిపడ్డాయి. కామేశం నాలుక మాత్రం తడబడలేదు.

"మహాప్రభూ, బొమ్మ ఇప్పుడే పూర్తయింది. పేరు 'అడవి భవిష్యత్తు'."

రాజు మళ్లీ తల ఊపాడు. శాలువా కప్పి, "అద్భుతం! ప్రతి గుహకూ ఒకటి చెయ్యి," అన్నాడు.

నీతి: ప్రకృతి ప్రేమికుడు వస్తున్నాడంటే ముందు గూడు దాచుకో.